తోడికోడలి ఒడి

వరహాలమ్మకు తన కూతురి అరచేతిలో గీతలు ఎలా ఉంటాయో మూడేళ్ళు దాటేదాకా సరిగ్గా తెలియదు. గౌరి పుట్టినప్పటినుంచీ పిడికిళ్ళు బిగించే ఉండేది. బొటనవేలిని లోపలికి మడిచి, దానిమీద నాలుగు వేళ్ళూ మూసేసేది. స్నానం చేయించేటప్పుడు ఒక్కొక్క వేలూ విప్పి లోపల చేరిన మురికి కడగాలి. విప్పిన వేలు వదలగానే మళ్ళీ మూసుకునేది. కాళ్ళూ అంతే. చంకల కింద పట్టుకుని నిలబెడితే మునివేళ్ళమీద నిలిచి, ఒక కాలిమీదికి ఇంకో కాలు కత్తెరలా పడేది.

జంషెడ్‌పూర్ సీతారాండేరా సందుల్లో వరహాలమ్మను ఎరగనివాళ్ళు లేరు. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి అక్కడ పాతుకుపోయిన కూలీల ఇంటి పిల్ల. పెళ్ళికి ముందు తల్లి వెంట ఆడకూలీలు చేసే రేజా పనికి వెళ్ళి, నెత్తిమీద పన్నెండు ఇటుకలు పేర్చుకుని కట్టుబడి మేడలమీదికి ఎక్కిన మనిషి. పిండి రుబ్బినా, గోడకు సున్నం వేసినా, బాలింతకు నీళ్ళు పోసినా ఆమె చెయ్యి పడితే ఆ పని అయిపోయినట్టే అనేవారు. ఆ మాట ఆమెకు ఇష్టం. భర్త తవిటయ్య ఉక్కు కంపెనీలో కాంట్రాక్టరు కింద ఖలాసీ. క్రేన్లకు గొలుసులు తగిలించే పని. నెమ్మదైనవాడు. ఇంట్లో మాట వరహాలమ్మదే.

గౌరి డెబ్భై ఏడులో వానల్లో పుట్టింది. రెండు రోజులు నొప్పులు పడ్డాక, ఇంట్లోనే. పుట్టిన పిల్ల వెంటనే ఏడవలేదు. మంత్రసాని కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి, వీపుమీద చరిచి, నీళ్ళు చల్లింది. అందరూ ఆశ వదులుకున్నాక పిల్ల సన్నగా మూలిగింది. ఆ కాసేపట్లో మెదడుకు గాలి అందలేదని, అందుకే పిల్ల ఇలా అయిందని రెండేళ్ళ తరవాత ఒక డాక్టరు చెప్పాడు. జబ్బు పేరు సెరిబ్రల్ పాల్సీ అన్నాడు. తవిటయ్య ఆ పేరు నోట్లో తిప్పుకుంటూ ఇంటికి వచ్చి పక్కింటి జగ్గారావుకు చెబితే, అతను బీమా పాలసీ కాబోలనుకుని ఏజెంటు ఎవరని అడిగాడు.

ఆ డాక్టరే సాక్చీ బజారు వెనక పాత బంగళాలో నడిచే కసరత్తు కేంద్రానికి వెళ్ళమన్నాడు. వారానికి రెండు రోజులు ఒక బెంగాలీ ఆవిడ అక్కడ ఇలాంటి పిల్లలకు కాళ్ళూ చేతులూ సాగదీయడం నేర్పేది. సన్నగా, పొట్టిగా, లావు కళ్ళద్దాలతో ఉండేది. అందరూ ఆమెను దీదీ అనే పిలిచేవారు. దీదీ హిందీలో నింపాదిగా చెప్పేది. మెదడుకు తగిలిన దెబ్బ ఇక పెరగదు, కానీ కండల బిగువును వదిలేస్తే అవి పొట్టివై అలాగే ఉండిపోతాయి. ఈ పిల్ల పొద్దస్తమానం బరువులు మోస్తున్నట్టే లెక్క, తిన్న తిండి ఆ బిగువుకే ఖర్చయిపోతుంది, అందుకే ఒంటికి పట్టదు. పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టుకుంటుంది, కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి పెట్టాలి. నీళ్ళు తక్కువైతే మలం గట్టిపడుతుంది, ఆ నొప్పికి ఒళ్ళు ఇంకా బిగుస్తుంది.

వరహాలమ్మ ఒక్క మాట మరిచిపోలేదు. పదిసార్లు చెయ్యమంటే ఇరవైసార్లు చేసేది. పొద్దున్నే కంపెనీ సైరను, అక్కడివాళ్ళు భోంపు అంటారు, మోగగానే గౌరిని చాపమీద పడుకోబెట్టి, రెండు మోకాళ్ళూ పట్టుకుని, పళ్ళు బిగబట్టి విడదీసేది. పిల్ల కీచుమని ఏడ్చేది. ఎంత ఏడిస్తే అంత బిగుసుకునేది. "ఏటే, నాకంటే బలమా నీకు?" అంటూ తల్లి ఇంకాస్త బలం పెట్టేది. పనంటే ఎప్పుడూ ఓడని ఆ చేతులు తొమ్మిది కిలోల పిల్ల ముందు రోజూ ఓడిపోయేవి.

ఎనభైలో తవిటయ్య తమ్ముడు నీలకంఠానికి పెళ్ళయింది. అతనికి టాటానగర్ స్టేషన్ గూడ్సు షెడ్డులో పని. పిల్ల పర్లాకిమిడి వైపు తెలుగువాళ్ళ అమ్మాయి, పేరు పద్మకుమారి, పంతొమ్మిదేళ్ళు. వచ్చిన వారంలోనే వరహాలమ్మకు తోడికోడలి తీరు తెలిసిపోయింది. పొద్దెక్కేదాకా నిద్ర. అన్నం అడుగంటుతుంది. బట్టలు పిండితే నీళ్ళు కారుతూనే ఉంటాయి. ఏమైనా అంటే, "సేత్తన్నాను అప్పా," అని నవ్వుతుంది. అక్కను వాళ్ళ వైపు అప్ప అంటారు. "దీని సేతిలో పనైతే మనం తిన్నట్టే," అని వరహాలమ్మ భర్తతో అనేది. అందులో కోపం కన్నా తృప్తే ఎక్కువ. ఇంటికి తనే ఆధారమని మరోసారి తేలినట్టుండేది.

ఒకరోజు మధ్యాహ్నం వరహాలమ్మ కుళాయి దగ్గరనుంచి బకెట్టుతో వస్తోంది. పద్మ గుమ్మంలో ఒక కాలు చాపుకుని కూర్చుని, పక్కన చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. గౌరి ఆమె తొడమీద గుర్రమెక్కినట్టు అటో కాలూ ఇటో కాలూ వేసుకుని, వీపు పద్మ పొట్టకు ఆనించి కూర్చుంది. పద్మ మోకాలు మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. తమ ఊళ్ళో ఎవరిదో మేక బస్సెక్కేసిన సంగతి సగం తెలుగులో, సగం ఒడియాలో చెబుతోంది. గౌరి కాళ్ళు రెండూ విడిపోయి, తడిబట్టల్లా కిందికి వేలాడుతున్నాయి. చెయ్యి చాటలో ఉంది. పిడికిలి విప్పి ఉంది. అరచేతికి నాలుగు బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి.

వరహాలమ్మ బకెట్టు దింపకుండా అలాగే నిలబడిపోయింది. సంతోషపడవలసిన మాటే. పడింది కూడా, ఒక్క క్షణం. తను కన్న పిల్ల. తను ఏడాదికి పైగా రోజుకు రెండుసార్లు చెమటలు కక్కుతూ విప్పలేని పిడికిలి. అన్నం మాడ్చేసే ఈ పిల్ల చేతిలో మేక కథ వింటూ విప్పుకుంది.

"దింపు పిల్లని," అంది. "బియ్యం సూసుకో ముందు."

పద్మ దింపింది. చాపమీద పెట్టగానే గౌరి ఒళ్ళు విల్లులా వంగింది.

అప్పటినుంచీ వరహాలమ్మ కళ్ళు ఆ ఇద్దరిమీదే. తను తినిపిస్తే గంట పట్టేది. సగం నోట్లోంచి బయటికే వచ్చేది. పద్మ తినిపిస్తే అరగంటలో గిన్నె ఖాళీ. తను ఎత్తుకుంటే పిల్ల కట్టెలా ఉండేది, పద్మ ఎత్తుకుంటే భుజంమీద వాలిపోయేది. కంపెనీ భోంపు మోగినా, ఎవరి చేతిలోనైనా గిన్నె జారిపడినా గౌరి రెండు చేతులూ విసిరి ఉలిక్కిపడి బిగుసుకునేది. పద్మ అరచెయ్యి పిల్ల గుండెమీద వేసి, "మో సునా, మో సునా," అని, నా బంగారమని ఒడియాలో ముద్దుగా గొణిగితే అయిదు నిమిషాల్లో సర్దుకునేది. ఎదురింటి భద్రమ్మ ఒకరోజు మంచి మనసుతోనే అంది.

"మీ గౌరి పద్మ దగ్గరైతే ఎంత సుబ్బరంగ తింతందో సూసినావా వరాలూ."

"పనీపాటా నేనోల్లకి పిల్లలు బాగానే తింతారు," అంది వరహాలమ్మ. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

పద్మ ఏదో పెడుతోందని కూడా అనుమానించింది. నల్లమందు రాస్తోందా, పాలలో ఏమైనా కలుపుతోందా అని. పద్మ రేకు పెట్టె వెతికింది. అందులో రెండు చీరలు, ఒక పౌడరు డబ్బా, పుట్టింటివాళ్ళ ఫోటో తప్ప ఏమీ లేవు. ఏదైనా దొరికితే బాగుండునని తాను ఆశపడినట్టు పెట్టె మూత వేస్తున్నప్పుడు ఆమెకే తెలిసింది.

మలేరియా వచ్చి వరహాలమ్మ రెండు వారాలు మంచం పట్టింది. కసరత్తు కేంద్రానికి గౌరిని పద్మే తీసుకువెళ్ళింది. వచ్చి, కళ్ళు మెరుస్తుండగా చెప్పింది.

"బరువు తూసినారు అప్పా. ముప్పావు కిలో పెరిగింది. దీదీ మిగతా అమ్మలందరికీ నన్ను సూపించి, పిల్లని ఇలగ కూసోబెట్టండి అని సెప్పింది. నానేటి సేసినానని అడిగితే నాకేటి తెలుసు, తొడమీద ఏసుకుంటాను అన్నాను."

జ్వరంలో ఉన్న వరహాలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. లేచి తిరిగాక తనే కేంద్రానికి వెళితే, దీదీ తలుపు దగ్గరే అడిగింది, "చాచీ నహీ ఆయీ?" అని. పిన్ని రాలేదా అని. తల్లి వచ్చిందని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం పద్మ కూరలకని బజారుకు వెళ్ళింది. వరహాలమ్మ తలుపు దగ్గరగా వేసింది. పద్మ రేకు పెట్టెలోంచి ఆకుపచ్చ వాయిలు చీర తీసి కట్టుకుంది. ఆమె పౌడరే మెడకు రాసుకుంది. గుమ్మంలో అదే చోట, అదే కాలు చాపి కూర్చుని, గౌరిని తొడమీదికి ఎక్కించుకుంది. మోకాలు ఊపింది. "మో సునా," అంది. ఆ మాట తన నోట్లో అరువు తెచ్చుకున్నట్టే ఉంది. గౌరి మెడ అతి కష్టంమీద తిప్పి చీర వాసన చూసింది. మొహం వెలిగింది. తరవాత కళ్ళెత్తి తల్లి మొహం చూసింది. చూసి, సందు చివరికి చూపు తిప్పుకుంది, ఎవరో రావాలన్నట్టు. మెల్లగా కాళ్ళు రెండూ తల్లి తొడను కత్తెరలా పట్టేశాయి.

పద్మ కూరల సంచితో వచ్చింది. అప్ప ఒంటిమీద తన చీర చూసింది. ఏమీ అనకుండా తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏమైనా అని ఉంటే వరహాలమ్మ ఆమెను అంతగా ద్వేషించేది కాదేమో.

ఎనభై రెండు భాద్రపదంలో గౌరికి మొదటి మాట వచ్చింది. అయిదేళ్ళకు. అప్పటిదాకా మూలుగులూ కేకలే. ఆ రోజు పద్మ స్నానం చేసి రాగానే పిల్ల చేతులు చాపి, పెదవులు కూడబలుక్కుని, "పి... న్ని," అంది. తవిటయ్య పరుగున వచ్చాడు. "మల్లీ అను, మల్లీ అను," అంటూ కూతురి బుగ్గలు పట్టుకున్నాడు. పిల్ల మళ్ళీ అంది. పద్మ ఏడ్చేసింది. వరహాలమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. చేతిలో గరిటె ఉంది. ఆమె లేచి వచ్చి, అందరూ వింటుండగా, ఎత్తని గొంతుతో అంది.

"కడుపు పండినోల్ల పిల్లల్ని కడుపు పండనోల్లు లాక్కుంతారని ఇన్నాను. ఇయాల సూత్తన్నాను. పెల్లయి రెండేల్లయింది. నీకు కావాలంటే కనుక్కో. నా పిల్లనొగ్గీ."

నీలకంఠం భార్యవైపు చూశాడు. పద్మ గౌరిని జాగ్రత్తగా చాపమీద ఒక పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దుప్పటి మడత పెట్టి, లేచింది. రెండోరోజు పొద్దున నీలకంఠం రిక్షా తెచ్చాడు. టాటానగర్‌లో రైల్వే క్వార్టర్ల వెనక ఒక గది దొరికిందన్నాడు. తవిటయ్య అన్నం తినకుండా పనికి వెళ్ళిపోయాడు. తరవాత చాలా రోజులు భార్యతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

గౌరి ఇప్పుడు పూర్తిగా తనది. పొద్దున్న నీళ్ళు, కసరత్తు, తిండి, మధ్యాహ్నం కసరత్తు, అన్నీ తనే. మొదటి వారం పిల్ల తలుపువైపు చూసి ఏడ్చింది. రెండో వారంనుంచి ఏడవడం మానేసి చూడటం ఒక్కటే చేసింది. తిండి తగ్గింది. నీళ్ళు తాగించబోతే పళ్ళు బిగబట్టేది. నాలుగు రోజులకొకసారి విరేచనం, దానికి కూడా ఒళ్ళంతా చెమటలు పట్టేదాకా ముక్కేది. భోంపు మోగితే ఉలికిపాటు, ఉలికిపాటుతో బిగువు, బిగువుతో ఏడుపు, ఏడుపులో మెతుకు అడ్డంపడి దగ్గు. కార్తీకం వచ్చేసరికి ఆ దగ్గు రొమ్ములోకి దిగింది. ఆసుపత్రిలో పది రోజులు ఉంచి, సూదులు వేసి పంపారు. ఇంటికి తెచ్చినప్పుడు పిల్ల పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

అప్పుడు కూడా వరహాలమ్మ పద్మకు కబురు చెయ్యలేదు. నీలకంఠం ఆసుపత్రికి వచ్చి చూసి వెళ్ళాడు. "పద్మని తెమ్మంతావా వదినా?" అని అడిగాడు. ఆమె వద్దంది. పిల్ల చచ్చిపోతుందేమోనన్న భయం ఒకపక్క, పద్మ వచ్చి ముట్టుకోగానే పిల్ల తేరుకుంటుందేమోనన్న భయం ఇంకోపక్క. ఈ రెండోదాన్ని ఆమె ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు.

నెలన్నర తరవాత కసరత్తు కేంద్రానికి వెళితే దీదీ బరువు తూచి, కాగితంలో రాసుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తిట్టలేదు. గౌరిని ఎత్తుకొమ్మంది. వరహాలమ్మ ఎత్తుకుంది. దీదీ ఆమె వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ ఆమె భుజాలమీద వేసి కొంచెం నొక్కింది. తరవాత మెడ, వీపు, మోచేతులు.

"లోహా," అంది. ఇనుము అని. తరవాత హిందీలో మెల్లగా చెప్పింది. "నువ్వు పిల్లను పట్టుకున్నప్పుడు ఊపిరి బిగబడతావు, తెలుసా? పిల్లకు మాటలు రావు గానీ నీ ఒళ్ళు తనకు తెలుస్తుంది. నీ భుజం బిగిస్తే ఏదో ప్రమాదం వచ్చిందనుకుంటుంది. నీ తప్పని అనడం లేదు. చాలామంది అమ్మలు ఇంతే, ఎక్కువ పట్టుదల ఉన్నవాళ్ళు మరీనూ. మీ చాచీ ఏం చేసేదో చూసి నేర్చుకో."

ఆ మాట ఇంకెవరన్నా వరహాలమ్మ ఊరుకునేది కాదు. దీదీ తనకు ఏమీ కాదు, ఎవరి పక్షమూ కాదు. అందుకే లోపల దిగింది. ఇంటికి వచ్చాక మూడు రోజులు ఆలోచించింది. నాలుగోరోజు పొద్దెక్కాక గౌరిని శాలువాలో చుట్టి, రిక్షా మాట్లాడుకుని టాటానగర్ వెళ్ళింది.

పద్మ గది బయట ఎండలో గోనెపట్టా వేసుకుని బఠాణీ కాయలు ఒలుస్తోంది. తల ఎత్తింది. వరహాలమ్మ చూపు ముందుగా ఆమె పొట్టమీద పడింది. అయిదో నెల. ఎవరూ చెప్పలేదు. చెప్పించుకునే అర్హత తను పోగొట్టుకుందని అప్పుడు గుర్తుకొచ్చింది. అంతలోనే ఇంకో ఆలోచన, ఆపుకుందామన్నా ఆగనిది, వచ్చి పడింది. దీనికి నిటారుగా నడిచే పిల్లే పుడుతుంది.

గౌరి పద్మను చూసి ఒళ్ళంతా విరుచుకుని కేక పెట్టింది. పద్మ చేతులు చాపింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ఎలగైపోయింది," అంది పిల్లను చూసి. చేతులు ఒళ్ళోనే ఉంచుకుని, "నాను ఎత్తుకోను అప్పా. ఎత్తుకుంటే రేపు మల్లీ నువ్వొక మాటంతావు. ఇప్పుడు నానీ మాటలు పడనేను. నువ్వే కూసో. ఆ కాలు సాపు. దాన్ని ఏసుకో," అంది.

వరహాలమ్మ కూర్చుంది. గౌరిని తొడమీద వేసుకుంది. అలవాటు చొప్పున ఒకటి, రెండు అని లెక్క పెట్టబోయింది.

"లెక్కెట్టకు. ఈ కాయలొలు." పద్మ ఒక గుప్పెడు బఠాణీ కాయలు ఆమె ముందు పోసింది.

"పిల్లనొదిలేసి కాయలొలమంతావేటి?"

"పిల్ల ఎక్కడికీ పోదు. ఒలు."

ఇద్దరూ కాయలు ఒలిచారు. ఎండ వీపుమీద వెచ్చగా ఉంది. కొంతసేపయ్యాక పద్మ కాయలమీదనుంచి కళ్ళు ఎత్తకుండా మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఆ రోజు నువ్వన్న మాటకి నాను ఏడవనేదు. అప్పటికి నాకు రెండోసారి కడుపు నిలబడక పోయి నెలయింది. నీకు సెప్పనేదు. గౌరిని ఎత్తుకుంటే ఆ బాద కొంచెం తెలిసీది కాదు. అంతే అప్పా. నాకు నీ పిల్లని లాక్కోవాలని నేదు. ఇప్పుడు ఇది కడుపులో కదిలినపుడల్లా నీ మాటే గుర్తొత్తంది. ఏటవుతాదో, నాకూ ఇలగే..." అక్కడ ఆగిపోయింది.

ఇలాగే అంటే గౌరిలాగే. వరహాలమ్మకు అర్థమైంది. కోపం రావలసిన చోట కోపం రాలేదు. తను రెండేళ్ళు అసూయపడిన మనిషి తనను చూసి భయపడుతోంది. ఆమెకు సిగ్గేసింది.

"నీకలగ అవదు," అంది. "నొప్పులు రాగానే ఆసుపత్రికెల్లు. ఇంట్లో ఉండకు. నాను రెండ్రోజులు ఇంట్లో ఉండిపోనాను. అప్పటికి బతికున్న అత్త ఆసుపత్రికెల్దామంటే నానే వద్దన్నాను, తెలుసా నీకు? పన్నెండు ఇటకలు మోసినదాన్ని, కనడం నాకొక లెక్కా అన్నాను. ఇన్నేల్లనుంచీ ఎవులికీ సెప్పనేదు. దీన్ని ఇలగ సేసింది నానే. దీని కాల్లు నానే బాగు సెయ్యాలి, ఇంకెవులూ కాదు అనుకున్నాను."

ఆ మాట బయటికి వచ్చాక ఆమె పొడుగ్గా ఊపిరి వదిలింది. స్టేషన్‌లో ఇంజను కూత వేసింది. గౌరి ఉలిక్కిపడి చేతులు విసిరింది. వరహాలమ్మ చెయ్యి బఠాణీ గింజలతో నిండి ఉండటంవల్ల మణికట్టు మాత్రమే పిల్ల గుండెకు ఆనించి, "ఏటీ నేదు, రైలు," అని మళ్ళీ పద్మవైపు తిరిగింది. అత్త ఏమంది, మంత్రసాని ఏమంది, ఇద్దరూ మాటల్లో పడ్డారు. కాసేపటికి పద్మ మాట ఆపి, కిందికి చూడమని కళ్ళతో సైగ చేసింది.

గౌరి కాళ్ళు విడిపోయి వేలాడటం లేదు. పద్మ దగ్గర ఉన్నంత వదులుగా లేవు. కానీ కత్తెర లేదు. ఎడమ పిడికిలి మూసే ఉంది. కుడిచేతిలో ఒక బఠాణీ తొక్క ఉంది. దాన్ని నోట్లో పెట్టుకోవాలని పిల్ల గురి చూస్తోంది.

ఆ చలికాలమంతా వరహాలమ్మ వారానికి మూడు రోజులు టాటానగర్ వెళ్ళింది. పద్మ గౌరిని ఎత్తుకోవడం మళ్ళీ మొదలుపెట్టడానికి నెల పట్టింది. అప్పుడు కూడా వరహాలమ్మకు ఒళ్ళు మండేది. దాన్ని ఆమె దాచుకోలేదు. "ఒగ్గీ, నాకు మండుతంది," అనేది. పద్మ నవ్వి ఇచ్చేసేది. ఊపిరి బిగబట్టకుండా పట్టుకోవడం ఆమెకు ఇటుకలు మోయడంకన్నా కష్టమైంది. ఒక్కోరోజు వచ్చేది, ఒక్కోరోజు వచ్చేది కాదు. తినిపించేటప్పుడు భద్రమ్మను పిలిచి కబుర్లు పెట్టుకునేది, తన ధ్యాస గిన్నెమీద నుంచి మళ్ళడానికి. దీదీ చెప్పిన కొలతలతో తవిటయ్య ఒక చెక్క కుర్చీ చేయించాడు. మోకాళ్ళ మధ్య ఒక దిమ్మ, ముందు ఒక పలక, నడుముకు ఒక పట్టీ. అందులో నిటారుగా కూర్చుని తింటే మెతుకు అడ్డం పడేది కాదు. నీళ్ళు చెంచాతో, గంట గంటకూ. ఫాల్గుణానికి దగ్గు పోయింది. రెండు రోజులకొకసారి విరేచనం సాఫీగా అయ్యేది. ఏడాది తిరిగేసరికి బరువు పదకొండున్నర.

నడక రాలేదు. దీదీ ఎన్నడూ వస్తుందని చెప్పలేదు. మడమల వెనక నరాలు పొట్టివై, రెండు పాదాలూ మునివేళ్ళమీదే ఉండిపోయాయి. ఎడమ పిడికిలి స్నానంలో తప్ప విప్పుకునేది కాదు. మాటలు ముప్పయి దాకా వచ్చాయి. అందులో "అమ్మ" పదకొండోది. వరహాలమ్మ లెక్కపెట్టింది.

పద్మకు వేసవిలో ఆసుపత్రిలో కొడుకు పుట్టాడు. పుట్టగానే ఏడ్చాడు. ఆ ఏడుపు వార్డు తలుపు బయటనుంచి విన్న వరహాలమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది. వాడు బంగారురాజు. తొమ్మిదో నెలలో లేచి నిలబడ్డాడు. పదకొండో నెలలో, మడమలు నేలకు తపతపమని ఆనిస్తూ గదిలో ఈ చివరనుంచి ఆ చివరికి నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మా కొట్టింది. కొట్టి, పెరట్లోకి వెళ్ళి నీళ్ళ తొట్టి దగ్గర కాసేపు నిలబడి వచ్చింది. ఆ రోజు మొదలు తోడికోడళ్ళిద్దరూ పండగలకు పబ్బాలకు కలిసినా, బంగారి నడక గురించి ఆ ఇంట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. అది పద్మ పెట్టిన నియమం.

గౌరికి పదో ఏడు నడుస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం పద్మ కొడుకుతో సీతారాండేరా వచ్చింది. బంగారికి నాలుగేళ్ళు. పెద్దమ్మ చేతి చేపల పులుసంటే వాడికి ప్రాణం. వరహాలమ్మ వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ముళ్ళు తీసి ముద్దలు పెడుతోంది. వాడు తిన్నగా కూర్చుని, నోరు తెరిచి, అడిగి మరీ తింటున్నాడు. ముద్ద పెట్టడం ఇంత తేలికా అని ఆమెకు వింతగా ఉంది. ముద్ద ముద్దకూ వాడి తల నిమురుతోంది.

కుర్చీలో గౌరి ఒక్కసారిగా బిగుసుకుంది. మెడ వెనక్కి విరిచి, గొంతు చించుకుని అరిచింది. కుడిచెయ్యి విసిరితే పలకమీది గ్లాసు వెళ్ళి గోడకు తగిలింది. పద్మ కంగారుగా లేచింది.

"అప్పా, ఫిట్సేమో సూడు. దీదీ సెప్పింది కదా, ఒక్కోసారి వత్తాయని."

వరహాలమ్మ కూతురి కళ్ళలోకి చూసింది. కళ్ళు తేలిపోలేదు. సూటిగా బంగారి మీదే ఉన్నాయి. తన ఒళ్ళో కూర్చుని, తన చేతి ముద్ద తింటున్న పిల్లవాడిమీద. కుళ్ళు మొహంలో ఎలా కనిపిస్తుందో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"ఫిట్సు కాదు," అంది. "బంగారీ, కాసేపు మీ అమ్మ దగ్గరకెల్లు నాయినా."

చెయ్యి కడుక్కుని, కుర్చీ పట్టీ విప్పి, పొడుగైపోయిన కూతుర్ని రెండు చేతులా ఎత్తి తొడమీద వేసుకుంది. గౌరి ఇంకా అరుస్తూనే ఉంది. కాళ్ళు కత్తెర పడే ఉన్నాయి. ఆమె విడదీయలేదు. గోడకు ఆనుకుని, మోకాలు కొంచెం కొంచెంగా ఊపుతూ కూర్చుంది. పద్మ గ్లాసు ఏరి, తడి తుడిచి, బంగారికి మిగతా అన్నం పెట్టింది. గౌరి అరుపు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"ఏటైంది దానికి?" అని పద్మ అడిగింది.

"నా కోసం," అంది వరహాలమ్మ. అనేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది.